పాయింటు తర్వాత సున్నా

లెక్కలు చెప్పి బతికిన ఇన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసింది సిగ్గును. పిల్లల సిగ్గు, నా సిగ్గు, నా పైవాళ్ళ సిగ్గు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు డోన్‌లోని మా ఇంటికి వచ్చి, "మేడం, ఏ పాఠం చెప్పడం కష్టం?" అని అడుగుతుంటారు. శిక్షణ తరగతుల గురించి, పరీక్షల గురించి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను ఒక్క పాఠం గురించి చెబుతాను. భిన్నాన్ని భాగహారం చేసి దశాంశంగా మార్చడం.

పుస్తకంలో అది ఒక పేజీ కూడా ఉండదు. పైనున్న లవాన్ని కిందున్న హారంతో భాగించు, పోకపోతే పాయింటు పెట్టు, సున్నా దించు, మళ్ళీ భాగించు. చెప్పడానికి అంతే. కానీ ఎక్కాలు రాని పిల్ల, తీసివేత రాని పిల్ల, ఒకట్లు పదులు అంటే ఏమిటో తెలియకుండానే ఏడో తరగతి దాకా పక్కవాళ్ళను చూసి నెట్టుకొచ్చిన పిల్ల, అందరూ ఇక్కడే దొరికిపోతారు. లెక్క మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. కడుపునొప్పి అంటారు. నీళ్ళు తాగి వస్తామంటారు. వాళ్ళు సోమరులని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నేను చాలాకాలం నమ్మాను.

మొదటి ప్రశ్న

నా మొదటి ఉద్యోగం డోన్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో. ఊరి చుట్టూ నాపరాళ్ళ గనులు, రాళ్ళను నునుపు చేసే ఫ్యాక్టరీలు. పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి వాటిలోనే పని. సాయంత్రం ఇంటికి పోతుంటే ఎదురొచ్చేవాళ్ళ కనుబొమ్మలు కూడా తెల్లగా దుమ్ముపట్టి ఉండేవి.

ఎనిమిదో తరగతిలో మూడు బై నాలుగును దశాంశంగా మారుస్తున్నాను. "మూడులో నాలుగు పోదు. పాయింటు పెట్టి సున్నా దించుకుంటాం. ముప్పై అయింది" అన్నాను. చర్చి వీధి నుంచి వచ్చే రూతమ్మ అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, దించుకునేకి పైన సున్నా ల్యాదు కదా? యాడనుంచి వచ్చె?"

"అది రూలు. కూర్చో" అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. నాకు చెవులు వేడెక్కాయి. బీయస్సీ లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న నేను ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకూ ఎవరో "రూలు" అని చెప్పి కూర్చోబెట్టి ఉంటారు.

రెండు రోజులు బస్సులో అదే ఆలోచన. చివరికి తట్టింది. సున్నా ఎక్కడి నుంచీ రాదు. మూడు నిండు రొట్టెలు నలుగురికి ఒక్కొక్కటి చొప్పున చాలవు. అందుకని ఒక్కో రొట్టెను పది ముక్కలు చేస్తాం. మూడు రొట్టెలు ముప్పై ముక్కలవుతాయి. ఆ ముక్కలు పదోవంతులు. ఇక మనం పంచేది రొట్టెలను కాదు, పదోవంతులను. ఆ మాట చెప్పడానికే పాయింటు. ఒక్కొక్కరికి ఏడు ముక్కలు పోగా రెండు మిగులుతాయి. వాటిని మళ్ళీ పదేసి చేస్తే ఇరవై నూరోవంతులు. ఒక్కొక్కరికి ఐదు. సున్నా పాయింట్ ఏడు ఐదు.

ఇది తరగతిలో చెప్పాను. రూతమ్మ, "ఇట్ల ముందే చెప్పింటే అయిపోయుండు కదా మేడం" అంది. దానికి కోపం తెచ్చుకోకపోవడం ఒక్కటే ఆ వారంలో నేను చేసిన మంచి పని.

నాగప్ప సార్

ఆ బడికి హెడ్మాస్టరు లేడు. ఉన్నవాళ్ళలో పెద్దవాడని తెలుగు పండితుడైన నాగప్ప సార్‌కి ఆ బాధ్యత అప్పగించారు. తెల్ల పంచె, పొడుగు చేతుల చొక్కా, పైజేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. పద్యం చదివితే పక్క తరగతుల్లో అల్లరి దానంతట అదే ఆగిపోయేది. ఊళ్ళో అందరూ ఆయనను, పంతులుగారు అన్నట్టుగా, "ఐవారు" అనేవాళ్ళు. ఎవరికి అర్జీ కావాలన్నా, ఎవరింట్లో పిల్లకు పేరు పెట్టాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

నేను రాకముందు చాలా ఏళ్ళ పాటు అక్కడ లెక్కల టీచరు లేరు. అందుకని చిన్న తరగతులకు లెక్కలు కూడా ఆయనే చెప్పేవారు. నేను చేరాక, అన్ని తరగతులూ ఒక్కదాన్నే చూడలేనని మిగతావి నాకు ఇచ్చి, ఏడో తరగతి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

ఆయన దగ్గర చదివి వచ్చిన పిల్లల్లో ఒక విచిత్రం గమనించాను. ఒకటి బై ఎనిమిది ఎంత అంటే వెంటనే "సున్నా పాయింట్ ఒకటి రెండు ఐదు" అనేవాళ్ళు. అర, పావు, ముప్పావు అన్నీ నోటికి వచ్చు. ఒకటి బై పదహారు అంటే మాత్రం గోడవైపు చూసేవాళ్ళు. పిల్లలు బట్టీపట్టి చదువుతున్నారని వాళ్ళనే తిట్టాను. వాళ్ళకు చెప్పిన మనిషికి కూడా ఆ కొన్ని లెక్కలే వచ్చి ఉంటాయన్న అనుమానం నాకు రాలేదు. అంతటి పెద్దమనిషి గురించి అలా అనుకోవడానికి మనసు ఒప్పదు కదా.

తనిఖీ రోజు

ఒకరోజు పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. ఏడో తరగతి గదిలోకి పోయి వెనక బెంచీలో కూర్చున్నారు. నాగప్ప సార్ లెక్కలు చెబుతున్నారు. నేను పక్క గదిలో ఉన్నాను. లెక్కల టీచరును కూడా పిలవమన్నారని అటెండరు వచ్చి చెబితే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

అధికారి ఒక అమ్మాయిని లేపి మూడు బై నలభైని దశాంశంగా మార్చమన్నారు. ఆ పిల్ల బోర్డు దగ్గర సుద్ద పట్టుకుని నిలబడిపోయింది. "సరే, పోయి కూర్చో. పంతులుగారూ, మీరు చేసి చూపించండి" అన్నారు.

నాగప్ప సార్ బోర్డు మీద నలభై రాసి, గీత గీసి, లోపల మూడు వేశారు. మూడులో నలభై పోదు, పాయింటు పెట్టారు. ముప్పైలో కూడా పోదు. ఇంకో సున్నా వేసి మూడువందలు చేశారు. పైన పాయింటు పక్కనే ఏడు వేశారు. రెండువందల ఎనభై తీసేస్తే ఇరవై. ఇంకో సున్నా. ఐదు. జవాబు: సున్నా పాయింట్ ఏడు ఐదు.

ఆయన ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగారు. ముందు వరుసలో ఒక పిల్ల ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది: "సార్, ముప్పావుకు గూడా అదే కదా సార్ చెప్పినారు?"

నాగప్ప సార్ బోర్డు వైపు చూశారు. తప్పు ఉందని ఆయనకు తెలిసింది, ఎక్కడుందో తెలియలేదు. ఆయన కళ్ళు పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ పోతున్నాయి.

నేను అప్పుడు నోరు తెరిచాను. "సార్, పాయింటు తర్వాత సున్నా మర్చిపోయారు."

సాయం చేస్తున్నాననే అనుకున్నాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు లోపల ఒక చిన్న సంతోషం కలిగింది. నాకు తెలుసు, పక్కన అధికారి వింటున్నారు. ఆ సంతోషాన్ని నేను ఈరోజుకీ గుర్తుపడతాను.

పిల్లలు నవ్వారు. ఒకరు మొదలుపెడితే అందరూ. అధికారి కూడా నవ్వి, "పంతులుగారూ, మీకెందుకండీ ఇవన్నీ? పద్యాలు చెప్పుకోండి" అన్నారు. నాగప్ప సార్ కూడా నవ్వబోయారు. నవ్వు రాలేదు. చేతికి అంటిన సుద్దను పంచెకు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డారు. బోర్డు మీద తప్పు జవాబు అట్లాగే ఉంది. దాన్ని తుడవాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఆ అధికారి గురించి నా అభిప్రాయం దాచను. లెక్క తప్పితే నవ్వాడు, సరే. ఆ బడిలో అన్నేళ్ళు లెక్కల టీచరు ఎందుకు లేడని ఒక్కమాట అడగలేదు. అడగవలసినవాళ్ళలో ఆయన ఒకడు. ఇలాంటివాళ్ళు మీకూ తగులుతారు. నా సంగతి అంటారా, లెక్క సరిగ్గా చెప్పి మనిషిని పడేశాను. జవాబు తెలిసి ఉండటం మన పనిలో సగం. ఎవరి ముందు, ఎప్పుడు చెప్పాలో తెలియడం మిగతా సగం. నాకు ఆరోజు మొదటి సగమే తెలుసు.

తెరిచిన తలుపు

మరునాడు సార్ ఏడో తరగతిని నాకు అప్పగించారు. "నువ్వే చూసుకో తల్లీ" అన్నారు, అంతే. నీళ్ళ కుళాయి దగ్గర పిల్లలు ఒకరినొకరు "సున్నా మర్చిపోయినారు సార్!" అని వెక్కిరించుకోవడం విన్నాను. అది నా గొంతే. నేను అన్నట్టే, అదే సాగదీత.

వారం రోజులు ఆయన ముఖం చూడలేకపోయాను. ఒక సాయంత్రం బడి వదిలే పొడుగు గంట కొట్టాక, ల్యాబు గదిలో నేను చార్టులు సర్దుతుంటే ఆయనే వచ్చారు.

"పోతాండావా అమ్మా?"

"లేదు సార్. బస్సుకు టైముంది."

"నాకు భాగహారం నేర్పిస్తావా?" అన్నారు.

నేను తడబడ్డాను. "సార్, ఆరోజు నేను అట్లా అనాల్సింది కాదు. నన్ను..."

"అది ఇడిసిపెట్టు. నువ్వు చెప్పింది నిజమే కదా. నిజంగా అడుగుతాండా. నేర్పిస్తావా?"

పిల్లలు కూర్చునే బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరైనా చూస్తారేమోనని నేను తలుపు దగ్గరగా వేయబోయాను. "తెరిచే ఉండనీ. దాచుకునే కదా ఇంతదూరం వచ్చింది" అన్నారు.

అప్పుడు చెప్పారు. చిన్నప్పుడు బడిలో భాగహారం రాలేదని వాళ్ళ ఐవారు బోర్డుకు ఆయన ముక్కు రుద్దించాడట. ముఖమంతా సుద్దతో ఇంటికి పోతే వాళ్ళమ్మ ఏమైందని అడిగితే ఆడుకున్నానని చెప్పారట. ఆనాటి నుంచి భాగహారం లేని చోటు వెతుక్కుంటూ తెలుగులోకి వచ్చానన్నారు.

"మరి లెక్కలు ఎందుకు తీసుకున్నారు సార్?"

"టీచరు ల్యాడని క్లాసు ఉత్తగా కూర్చోబెట్టేదా తల్లీ? గైడు చూసి నాకు వచ్చిన నాలుగు లెక్కలు చెప్తాంటి. ఎవరన్నా వేరే లెక్క అడిగితే ఇంటికాడ చేసుకోని రాపో అంటాంటి. నవ్వినారని నాకు బాధ ల్యాదమ్మా. ఎంతమందికి తప్పు చెప్పి పంపినానో, అదే నాకు తల ఎత్తనీదు."

నేను ఆయనకు క్షమాపణ చెబుదామని దాచుకున్న మాటలన్నీ చాలా చిన్నవైపోయాయి. నేను నా మర్యాద గురించి సిగ్గుపడుతున్నాను. ఆయన పిల్లల గురించి సిగ్గుపడుతున్నారు.

రోజూ బస్సు వచ్చేదాకా కూర్చున్నాం. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం సగంలో ఆగిపోయేవారు. ఎక్కం తప్పినప్పుడు ఆయన భుజాలు తెలియకుండానే పైకి ముడుచుకునేవి, దెబ్బ పడబోతున్నట్టు. ఆ వయసు మనిషిలో అది చూడటం కష్టంగా ఉండేది. అట్లా ముడుచుకునే పిల్లలు నా తరగతుల్లో ఎంతమంది ఉన్నారో నాకు మెల్లగా గుర్తొచ్చేది.

రొట్టెల లెక్క చెప్పాను. పదోవంతుల సంగతి వెంటనే పట్టుకున్నారు. ఆయనకు పట్టుబడనిది పైన వేయవలసిన సున్నా.

"సార్, మూడు రొట్టెలు నలభైమందికి పంచాలి. ముప్పై ముక్కలు చేశారు. మనిషికి ఒక్క ముక్కయినా వస్తుందా?"

"రాదు."

"రాలేదని పైన రాయాలి. అదే సున్నా. ఆ పదోవంతుల గది ఖాళీగా ఉందని చెప్పకుండా ఏడు వేస్తే, ఆ ఏడు పోయి ఖాళీ గదిలో కూర్చుంటుంది."

చాలాసేపు ఆ లెక్కను చూశారు. "పద్యంలో ఒక అక్షరం ఎగిరిపోతే ఎనకది ముందుకు జరిగి గణం చెడిపోతుంది, అట్లనా?"

"అట్లాగే సార్."

"ఇంత మాటకా నేను ఇన్నేండ్లు భయపడింది" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఒకటి బై ఏడు చేసిన రోజు మాత్రం ఇద్దరం నవ్వాం. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు వచ్చాక శేషం మళ్ళీ ఒకటే మిగిలింది. "ఇదేంది తల్లీ, మళ్ళా మొదటికే వచ్చె! తప్పు చేసినానా?" అని భుజాలు ముడుచుకున్నారు. తప్పు కాదు సార్, అది అట్లా తిరుగుతూనే ఉంటుంది అని చెప్పాను. ఏడుతో భాగిస్తే మిగిలేవి ఒకటి నుంచి ఆరు దాకానే, ఎప్పుడో ఒకప్పుడు ముందు వచ్చిందే మళ్ళీ రావాలి. ఆయన నమ్మకుండా ఇంకో చుట్టు చేసి చూసుకున్నారు. చూసుకుని మెల్లగా భుజాలు దించుకున్నారు.

ఎత్తిన చేతులు

నెల దాటాక ఒకరోజు సార్ ఏడో తరగతికి వచ్చారు. నన్ను వెనక కూర్చోమన్నారు. బోర్డు మీద మూడు బై నలభై రాసి, పెద్దగా చెబుతూ, ఖాళీ గదికి సున్నా వేసి, సున్నా పాయింట్ సున్నా ఏడు ఐదు తెచ్చారు.

"ఆ పొద్దు తప్పు చేసినా. నాకు రాక చేసినా. మీ మేడం కాడ నేర్చుకున్నా" అన్నారు. పిల్లలు నవ్వలేదు. తర్వాత ఆయన, "భాగహారం రానోళ్ళు చేతులెత్తండి" అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు. నేను వెనక కొంచెం గర్వంగానే కూర్చున్నాను. ఆ నెలంతా వాళ్ళకు భాగహారం చెప్పింది నేను. రొట్టెలతో, బొమ్మలతో, నాకు తెలిసినంత బాగా చెప్పాను.

నాగప్ప సార్ తన చెయ్యి ఎత్తారు. "పోయిన నెల దాకా నాకు గూడా రాదు. ఇప్పటికీ ఏడో ఎక్కం కాడ తడబడతాండా" అన్నారు. చెయ్యి దించలేదు.

గోడపక్కన ఒక అమ్మాయి చెయ్యి సగం లేపింది. దాని పక్కది. తర్వాత కిటికీ దగ్గర ఇద్దరు. నేను చూస్తుండగానే బెంచీ తర్వాత బెంచీ చేతులు లేచాయి. చివరికి ఎత్తనివాళ్ళను వెతుక్కోవలసి వచ్చింది. ఎవరూ ఏడవడం లేదు, దాచుకోవడం లేదు. కొందరైతే హాయిగా ఉన్నారు, నెత్తిమీద మూట దించినట్టు.

రోజూ "అర్థమైందా?" అని నేను అడిగితే, "అయింది మేడం" అన్నది ఈ పిల్లలే. ఆ మాట నమ్మి నేను తరువాతి పాఠానికి పోయాను. నేను తిట్టలేదు, కొట్టలేదు, బాగా చెప్పాను. అయినా వాళ్ళు నా దగ్గర దాచుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సంవత్సరం పుస్తకం పక్కన పెట్టి ఎక్కాల దగ్గర నుంచి మొదలుపెట్టాం, ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. కొందరికి వచ్చింది. కొందరికి సగమే వచ్చింది. కొందరు అది వచ్చేలోపే బడి మానేసి రాళ్ళ ఫ్యాక్టరీకి పోయారు. అందరికీ వచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు.

ఆయన అడిగిన మాట

సార్ రిటైరయ్యారు. నేను బదిలీ అయ్యాను. కొన్నేళ్ళ తర్వాత బస్సులో ఆ ఊరిమీదుగా పోతున్నాను. స్టాపు దగ్గర టీ అంగడి ముందు నాపరాయి అరుగు మీద ఆయన కూర్చుని కనిపించారు. పక్కన మీసాలున్న ఒక మనిషి, ఒళ్ళంతా రాతి దుమ్ము, గొంతుక్కూర్చుని అరుగు వైపు చూస్తున్నాడు. అరుగు మీద సుద్దతో భాగహారం. నేను బస్సు దిగేశాను.

ఆ మనిషి నవ్వుతూ, "ఇప్పుడెందుకు సార్ నాకు ఇది?" అంటున్నాడు.

"నీకు అక్కరల్యాకపోవచ్చప్పా. నేను తప్పు చెప్పింటి. ఒక్కసారి చూసి పో" అన్నారు సార్.

అతను తల గోక్కుని, చూసి, "మా పాపకు చెప్తాలే సార్, ఏడో తరగతి చదువుతాండాది" అని దండం పెట్టి పోయాడు.

సార్ నన్ను చూసి లేవబోయారు. కూర్చోబెట్టి, ఇదంతా ఏమిటి సార్ అన్నాను. "దొరికినోళ్ళకు దొరికినట్టు చెప్తాండా తల్లీ. కొందరు ఇంటికి పోతే తలుపు తీస్తారు, కొందరు ఈ ముసలాయనకు పిచ్చి పట్టిందంటారు. శానామంది ఉండారు, అందరూ దొరకరు." టీ తెప్పించారు. తాగాక, ఎటువంటి ఎత్తిపొడుపూ లేకుండా, తోటి పనివాణ్ణి అడిగినట్టు అడిగారు.

"నీకు ఎంతమంది ఉండారు, ఇట్లాంటోళ్ళు?"

నేను ఏదో చెప్పి మాట మార్చాను. తర్వాతి బస్సు వచ్చింది. ఎక్కాను.

ఇప్పుడు ఆయన లేరు. నేను కూడా రిటైరయ్యాను. డోన్‌లో కూరగాయలకు పోతే, స్టేషన్‌కు పోతే, నా దగ్గర చదివినవాళ్ళు ఎవరో ఒకరు ఎదురుపడతారు. "బాగుండారా మేడం?" అని చేతిలో సంచి అందుకుంటారు. పిల్లలెంతమంది, ఏం పని చేస్తున్నావు అని అడుగుతాను. "అయింది మేడం" అని నాతో అబద్ధం చెప్పినవాళ్ళు, నేను నమ్మినట్టు నటించి వదిలేసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కొందరి ముఖాలు నాకు బాగా గుర్తు. వాళ్ళ ఇళ్ళు కూడా తెలుసు.

నేను ఇంకా ఒక్క ఇంటికీ పోలేదు.